నాన్న బండికి నాలుగు చెవులు

ఎన్ని పంటల మిరపకాయలు ఆరబోశారో తెలియదు గానీ, ఆ పట్టా నీలంరంగు ఎప్పుడో పోయి బూడిదరంగుకి తిరిగింది. మా మేనల్లుడు కిరణ్ దాన్ని ఒక్క లాగు లాగేసరికి గొడ్ల సావిడంతా వాసన లేచింది. పాత ఇంజనాయిలు, ఎండి పగిలిన రెక్సిను, ఎలకల కంపు, వీటన్నిటి అడుగునా సన్నగా మిరప ఘాటు. నాకు తుమ్ములొచ్చాయి, కిరణ్‌కీ వచ్చాయి. వాడి వెంట గుంటూరు నుంచి వచ్చిన పెద్దమనిషి మాత్రం జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, బండి ముందు గొంతుక్కూర్చుని, తవ్వకాల్లో విగ్రహం బయటపడితే చూసినట్టు చూస్తూ ఉండిపోయాడు.

అది మా నాన్న బుల్లెట్టు. పర్చూరుకీ ఇంకొల్లుకీ మధ్య నల్లరేగడి పొలాల్లో మిరప, పత్తి పండించి బతికిన నాన్న ముప్పై ఏళ్ళకి పైగా దాని మీద తిరిగాడు. పోయి ఆరేళ్ళయింది. పోయేముందు మా తమ్ముడితో, "బండి జోలికి పోవాలంటే అక్కనడుగు" అన్నాడట. అందుకని తమ్ముడి కొడుకు కిరణ్ ఆ ఆదివారం చీరాల వచ్చి, నన్ను కారులో ఎక్కించుకుని మా ఊరు తీసుకొచ్చాడు. వాడు చీమకుర్తిలో గ్రానైటు కోసే యూనిట్లో సూపర్‌వైజరు. రాయి కోసి కోసి ఏది చూసినా కోసి కొత్త ఆకారం చెయ్యాలనిపిస్తుందేమో వాడికి.

"హ్యాండిలు మార్చేస్తా అత్తా. సీటు కిందకి దించి, వెనక మడ్‌గార్డు సగానికి కోసేసి, లావు టైర్లేసి, మొత్తం మెరుపు లేని నలుపు కొట్టిస్తా. రోడ్డు మీద పోతుంటే ప్రతివాడూ తిరిగి చూడాలి" అన్నాడు.

గుంటూరాయన ప్రాణం విలవిల్లాడింది. ఆయన పాత బండ్లు బాగుచేసి నిలబెట్టే మనిషి. "అట్లా చేస్తే పాపం తగులుద్దమ్మా. ఇటువంటివి ఇక రావు. కంపెనీలోంచి ఏ బోల్టుతో వచ్చిందో ఆ బోల్టుతోనే నిలబెట్టాలి. నా చేతికివ్వండి, ఏడాదిలో నిన్న కొన్నట్టు చేసి చూపిస్తా" అన్నాడు నాతో.

ఇద్దరూ సావిట్లోనే వాదులాటకి దిగారు. ఇద్దరికీ కుదిరిన మాట ఒక్కటే. బండికి ఎడమపక్క ఇనప చట్రం మీద పైన రెండు, కింద రెండు, బొటనవేలంత మందాన అతికించిన ఇనప ముక్కలున్నాయి, ఒక్కోదాని మధ్యలో బెజ్జంతో.

"ముందు ఇవి కోసెయ్యాలి" అన్నాడు గుంటూరాయన.

"అవును, అసయ్యంగా ఉన్నాయి. ఎవడు అతికించాడత్తా వీటిని?" అన్నాడు కిరణ్.

"ఒక వారం ఆగు, చెప్తాను" అన్నాను. అవి నా కోసం అతికించినవని వాళ్ళ ముందు చెప్పడానికి ఎందుకో నోరు రాలేదు.

నాకు మూడేళ్ళప్పుడు జ్వరం తగిలి ఎడమకాలు చచ్చుబడింది. ఆ సంగతి నాకు గుర్తులేదు. నడిచిన రోజులూ గుర్తులేవు. గుర్తున్నదల్లా అరుగు మీద కూర్చుని చూడటమే. ఊరు నాకు అరుగు మీంచి కనబడినంత మేరే ఊరు. మాఘమాసం వచ్చిందంటే ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు పరుచుకునేవి. గాలి ఇటు తిరిగితే వీధి వీధంతా దగ్గేది. ఆడకూలీలు ముక్కులకి కొంగులు చుట్టుకుని, తాలుకాయలు ఏరుతూ, దగ్గుతూనే కబుర్లు చెప్పుకునేవాళ్ళు. పత్తి తీతలప్పుడు ఇంటి వసారా పైకప్పు దాకా దూదితో నిండిపోతే తమ్ముడూ వాడి స్నేహితులూ దానిలోకి దూకేవాళ్ళు, నన్ను ఓ పక్కన కూర్చోబెట్టి. శనగచేలు పండే రోజుల్లో పిల్లలు చేలోనే మంట వేసి మొక్కలు మొక్కలుగా కాల్చుకు తిని, మూతులు నల్లగా చేసుకుని తిరిగొచ్చేవాళ్ళు. నా వాటా గౌను జేబులో పోసుకొచ్చేవాళ్ళు. ఆ శనగలు అరుగు మీద చల్లారిపోయి ఉండేవి. వాళ్ళు వేడివేడిగా ఊదుకుంటూ తిన్నవాటి రుచి ఇంకోలా ఉండి ఉంటుందని నాకు గట్టి నమ్మకం.

నేను పుట్టిన ఏడు మిరప విరగకాసిందట, బండి ఆ ఏడే వచ్చింది. నల్లటి ట్యాంకు, దాని మీద సన్నటి బంగారురంగు గీతలు. మా ఊళ్ళో అప్పటికి మూడో నాలుగో మోటారుసైకిళ్ళుండేవి. కొన్నవాళ్ళు కొన్న నెల తిరక్కుండా కొత్తకోడలికి నగలు పెట్టినట్టు వాటికి ఏదో ఒకటి తగిలించేవాళ్ళు. హ్యాండిలు చివర రంగురంగుల ప్లాస్టిక్ కుచ్చులు, ట్యాంకుకి జిగేల్‌మనే తొడుగు, మడ్‌గార్డు మీద దేవుడి బొమ్మ, నంబరు ప్లేటు కింద పిల్లల పేర్లు. పాలు పోసే ఒకాయనైతే క్యాన్లు వేలాడెయ్యడానికి రెండుపక్కలా కొక్కేలే కొట్టించాడు. నాన్న ఇవన్నీ చూసి పెదవి విరిచేవాడు. "అయ్యి అవసరమైతే కంపెనీవాడే పెట్టుండేవాడు కదంటరా" అనేవాడు. బండితో వచ్చిన పానాల గుడ్డసంచి, చిన్న పుస్తకం, చివరికి తాళంచెవికి ఉన్న దారంముక్క కూడా అలాగే దాచాడు. దసరాకి బండిని కుంకుడురసంతో కడిగేవాడు. చేమంతి దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కుంకుమ బొట్టు రంగుకి తగలకుండా దీపం అద్దం మీద మాత్రమే పెట్టేవాడు. తెల్లారేసరికి అదీ తుడిచేసేవాడు. వంటింట్లో గారెలు వేస్తూ అమ్మ, "ఈ సేవలో అణా వంతు నాకు చేశారా ఎప్పుడైనా?" అనేది. నాన్న నవ్వి ఊరుకునేవాడు.

మా ఊళ్ళో బడి ఐదో తరగతి దాకానే. అక్కడికి నాన్న నన్ను భుజం మీద మోసుకెళ్ళేవాడు. హైస్కూలు నాలుగు మైళ్ళ అవతల పక్కూళ్ళో. బండి వెనక కూర్చోబెట్టి చూశాడు. పట్టు లేని కాలు వేలాడి చక్రం చువ్వల వైపు పోయేది. తువ్వాలుతో కట్టి చూశాడు. నల్లరేగడి దారిలో రెండు గుంటలు దాటేసరికి ముడి జారి, కాలు చువ్వల్లోకి పోబోయింది. ఆ రోజు సగం దారిలోంచే వెనక్కి తిప్పాడు.

"చదివింది చాల్లెండి. ఇంట్లో కూర్చుని కుట్టుపని నేర్చుకుంటది" అంది అమ్మ. ఆమె గొంతులో భయమే తప్ప కాఠిన్యం లేదు.

నాన్న రెండు రోజులు బండి చుట్టూనే తిరిగాడు. మూడోరోజు నా రూళ్ళ పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, అరుగు మీద కూర్చుని పెన్సిలుతో ఏదో గీశాడు, చెరిపాడు, మళ్ళీ గీశాడు. మర్నాడు నన్ను బస్సులో చీరాల తీసుకెళ్ళాడు. బండిని అంతకు ముందురోజే అక్కడ మస్తాన్ షెడ్డులో పెట్టి వచ్చాడని నాకు తెలియదు.

మస్తాన్ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చెవిలో బీడీతో ఉండే మెకానిక్కు. బండికి చెయ్యి పెట్టాలంటే నాన్న నమ్మింది ఆయన్నొక్కణ్ణే. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చెయ్యొచ్చు రత్నం గారూ. పక్కన మూడో చక్రం వెయ్యొచ్చు, దాని మీద రేకుతో తొట్టి కట్టొచ్చు. కాకపోతే దాన్ని పట్టుకునేందుకు బండికి నాలుగు చెవులు అతికించాలి. ఒకసారి అతికించాక ఇది మునుపటి బండి కాదు. మళ్ళీ తీసేసినా కాదు. ఆలోచించుకోండి."

"ఆలోచించే వచ్చా" అన్నాడు నాన్న.

రంగు గీకాలన్నాడు మస్తాన్. ఆయన గీకుతుంటే నాన్న షెడ్డు గుమ్మంలోకి వెళ్ళి వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. వెల్డింగు మంట వెలుగుని చూడొద్దని నా కళ్ళకి గుడ్డ కట్టారు. కానీ వాసన తెలిసింది. మాడిన రంగు వాసన, వెంట్రుకలు కాలినట్టు. గుడ్డ విప్పాక చూస్తే నల్లటి చట్రం మీద నాలుగుచోట్ల బొబ్బలెక్కి, బూడిదరంగు ఇనుము కనబడుతోంది. నాన్న వచ్చి, వేలితో ఒక చెవిని తట్టి, "గట్టిగానే ఉంది" అన్నాడు. అంతే.

తొట్టి తయారవడానికి ఇరవై రోజులు పట్టింది. పడవ ముక్కులా ముందు కోసుగా, వెనక వెడల్పుగా, నా కర్ర పెట్టుకోవడానికి పక్కన ఒక గొట్టంతో. లోపలి దిండు నాయనమ్మ కుట్టింది, మా చేలో పత్తితోనే. మొదటి వారం నాన్న నన్ను ఎక్కించలేదు. యూరియా బస్తాని అందులో కూర్చోబెట్టి, తాడుతో కట్టి, ఊరి చుట్టూ తిప్పాడు. తొట్టి ఉన్న బండి వంగదు. ఎడమకి తిప్పితే మూడో చక్రం గాల్లోకి లేస్తుంది, బ్రేకు వేస్తే కుడికి లాగుతుంది. అన్నేళ్ళు తోలిన బండిని నాన్న మళ్ళీ మొదట్నించీ నేర్చుకున్నాడు. ఒకసారి పత్తిచేలోకి దూసుకెళ్ళి, బస్తాతో సహా బయటపడి, ఒళ్ళు దులుపుకుని మళ్ళీ ఎక్కాడు. "రత్నం యూరియాని పెళ్ళిచూపులకి తీసుకెళ్తన్నాడు" అని ఊరు నవ్వింది. ఎనిమిదో రోజు బస్తా దిగింది, నేను ఎక్కాను.

తొట్టిబండి అని పేరు పెట్టారు దానికి. అందులో కూర్చుంటే నేల జానెడు దూరంలో ఉండేది. లోకమంతా కింది నుంచి కనబడేది: ఎద్దుల పొట్టలు, బండిచక్రాల ఇరుసులు, గట్ల మీద గడ్డిపూలు, కూలికెళ్ళే ఆడవాళ్ళ కడియాలు. ఎండాకాలం కుడి బుగ్గకి ఇంజను సెగ తగిలేది, చలికాలం అదే హాయిగా ఉండేది. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల మీదుగా వెళ్ళేటప్పుడు తియ్యగా, మత్తుగా ఓ వాసన. వర్షం పడితే రేగడిమన్ను చక్రానికి అంటుకుని, తొట్టి అంచు దాటి నా జాకెట్టు మీద చిమ్మేది.

మా ఊరి నుంచి హైస్కూలుకి పదిమంది దాకా పిల్లలు నడిచేవాళ్ళు. మేము బయల్దేరేసరికి వాళ్ళు సగం దారిలో, కాలవకట్ట మీద ఉండేవాళ్ళు. బండి చప్పుడు వినగానే రెండుపక్కలకీ విడిపోయి దారిచ్చేవాళ్ళు. మేము దాటగానే మా దుమ్ము వాళ్ళ మీద పడేది. మొదటి వారాల్లో చేతులూపారు. తర్వాత తలలు దించుకుని దుమ్ము తగ్గేదాకా ఆగేవాళ్ళు, అంతే. నేను బడికి అందరికన్నా ముందు చేరేదాన్ని. నాన్న నన్ను వరండాలో దించి, కర్ర చేతికిచ్చి వెళ్ళిపోయేవాడు. అటెండరు గదులు ఊడుస్తుంటే ఆ ఖాళీ వరండాలో ముప్పావుగంట కూర్చునేదాన్ని. తర్వాత వాళ్ళు వచ్చేవాళ్ళు, చెమటలతో, పచ్చి చింతకాయలు నములుతూ, దేనికో నవ్వుకుంటూ. ఆ నవ్వు దారిలో పుట్టింది. దాని మొదలు నాకు తెలిసేది కాదు. "ఎందుకు నవ్వుతున్నారు?" అని అడిగితే చెప్పేవాళ్ళు కూడా, చెడ్డపిల్లలు కారు. చెప్పాక మాత్రం అందులో నవ్వేందుకు ఏమీ ఉండేది కాదు. తొక్కుడుబిళ్ళ ఆటలో ఎవరు ఎన్ని గళ్ళు దాటారో నేను లెక్కపెట్టేదాన్ని. అట్లతద్దికి ఆడపిల్లలంతా ఉయ్యాలల దగ్గరికి పరుగెత్తితే, నాన్న నన్ను తొట్టిలో తీసుకెళ్ళి తోపు పక్కన ఆపేవాడు. చేతిలో అట్ల పొట్లంతో, చుట్టూ బండి వాసనతో, అందరికన్నా దర్జాగా కూర్చుని చూసేదాన్ని.

ఒకరోజు కల్లంలో, నేను తొట్టిలో ఉండగానే, పక్కపొలం రైతు నాన్నతో అన్నాడు. "బంగారం లాంటి బండి రత్నం. ఈ పిల్ల కోసం పాడు చేసుకున్నావు."

నాన్న ఏదో సమాధానం చెప్పాడు. అది నాకు గుర్తులేదు. ఆ రైతు మాట మాత్రం గుర్తుండిపోయింది. ఆ రోజు నుంచీ ఎక్కినప్పుడల్లా ఆ నాలుగు చెవుల వైపే నా కళ్ళు పోయేవి.

ఏడో తరగతి వానాకాలంలో మా ఊరి రాజ్యానికి కాల్లో తుమ్మముల్లు విరిగింది. రాజ్యం నాకన్నా ఏడాది పెద్ద, నోరున్న పిల్ల. కట్ట మీద కుంటుతుంటే నాన్న బండి ఆపి, "ఎక్కు, ఇద్దరూ సర్దుకోండి" అన్నాడు. మర్నాడు ముల్లు పోయినా ఎక్కింది. ఆ తర్వాత రెండు నెలలు రోజూ ఎక్కింది. ఇద్దరం ఇరుక్కుని కూర్చుంటే నా చచ్చుబడ్డ కాలు ఆమె ఒళ్ళోకి వచ్చేది. దాని మీదే పుస్తకాలు పెట్టుకునేది. కాగితంలో ఉప్పూకారం కట్టి తెచ్చేది, ఉసిరికాయలు కొరికి సగం నాకిచ్చేది. వరండాలో ముప్పావుగంట చాలేది కాదు మాకు. ఇవాళ్టికీ నా బాల్యంలో ఏది బాగుంది అంటే ఆ రెండు నెలలూ చూపిస్తాను.

రాజ్యం పెద్దమనిషి అయింది. బడి మాన్పించారు. వాళ్ళమ్మతో పాటు పొగాకు ఏరే గ్రేడింగు పనికి పంపారు. పొద్దున్నే మేము వెళ్ళేటప్పుడు కూలీల గుంపులో కనబడేది, మొదట్లో కళ్ళతో నవ్వేది. తర్వాత ఆమె కూడా మిగతావాళ్ళలాగే దుమ్ము నుంచి ముఖం తిప్పుకోవడం నేర్చుకుంది. తొట్టిలో మళ్ళీ ఒక్కదాన్నే అయ్యాను. ఒకసారి ఇద్దరు కూర్చున్నాక అది నాకు మరీ పెద్దదిగా అనిపించేది.

ఎనిమిదో తరగతి చివర్లో నాకు ఆపరేషను చేసి, ఇనప కడ్డీలు, తోలుపట్టీలు ఉన్న బూటు ఇచ్చారు. కర్ర సాయంతో మునుపటికన్నా కాస్త ఎక్కువ నడవగలిగాను. బడి నుంచి వచ్చి దిగీ దిగకముందే నాన్నతో అన్నాను.

"నేనింక దీంట్లో రాను. గుంటూరులో హాస్టలుంది, నన్నక్కడ వెయ్యి. ఈ తొట్టి తీసేయించు. నీ బండి నీకు బాగుపడుద్ది."

నాన్న ఇంజను ఆపాడు. "ఎవరన్నా ఏమన్నా అన్నారా అమ్మా?"

ఆ ప్రశ్నకి నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. "ఎవరూ ఏమీ అన్లా" అని లోపలికి వెళ్ళిపోయాను. ఆ సాయంత్రం నాన్న బోరు దగ్గర బండిని చాలాసేపు కడిగాడు. తొట్టి లోపల కూడా కడిగాడు. దిండు తీసి దణ్ణెం మీద ఆరేశాడు.

వేసవిలో తొట్టి విప్పించేశాడు. దాన్ని సావిడి మూల పడేస్తే కోళ్ళు అందులో పొదిగాయి. బండికి మళ్ళీ నలుపు వేయించాడు, గీతలు గీయించాడు. చెవులు మాత్రం ఉండిపోయాయి. అవి రావేమో అనుకున్నాను. ఒకసారి అతికించాక మునుపటిది కాదని మస్తాన్ చెప్పాడు కదా.

హాస్టలు నుంచి సెలవులకి బస్సులో వచ్చేదాన్ని. రోడ్డు మీద దిగితే మా ఊరు రెండు మైళ్ళు లోపలికి. నాన్న బండేసుకుని వచ్చి ఎదురుచూసేవాడు. కడ్డీల బూటుతో కాలు వంగదు కాబట్టి వెనక కూర్చోలేను. అందుకని నేను రిక్షాలో, పక్కనే నాన్న బుల్లెట్టు మీద. రిక్షా నడక ఎంతో బండి నడక అంత. పడిపోకుండా రెండు కాళ్ళూ నేలకి తాకిస్తూ, ఆగుతూ, కదులుతూ, ఆ రెండు మైళ్ళూ నా పక్కనే వచ్చేవాడు. "ముందు వెళ్ళిపో నాన్నా, ఎండగా ఉంది" అనేదాన్ని. "ఇంటికెళ్ళి ఏం చెయ్యాలిలే" అనేవాడు. బండి బాగుపడింది, చూడటానికి కొత్తదానిలా ఉంది. మేమిద్దరం మాత్రం ఒకే దారిలో వేరువేరుగా ఇంటికి చేరేవాళ్ళం.

తర్వాత చదువు, చీరాలలో రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం, పెళ్ళి మాట వచ్చి పోవడం, మరమగ్గాల సందులో రెండు గదుల ఇల్లు. ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి. నాన్న బండి తోలినంతకాలమూ చీరాల వస్తే బండి వీధి చివర ఆపి, నడిచి మా ఇంటికి వచ్చేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

కిరణ్‌కి వారం గడువు చెప్పి వచ్చానని చెప్పాను కదా. నాలుగోరోజు పొద్దున్నే మస్తాన్ గారు ల్యాబుకొచ్చారు. నెలకోసారి చక్కెర పరీక్షకి వస్తారు. ఎనభై దాటాయి, చూపు తగ్గింది, గొంతు పట్టే నన్ను పోల్చుకుంటారు. వేలికి సూది గుచ్చుతూ, బండి బయటికి తీశారని, చెవులు కోసేస్తామంటున్నారని చెప్పాను.

ఆయన, "మీ నాయన కూడా కోయిద్దామనే వచ్చాడమ్మా" అన్నారు.

"ఎప్పుడు?"

"నువ్వు హాస్టలుకెళ్ళిన నెలకి. నేను రంపం తీసి కూర్చున్నా. 'ఉండు మస్తానూ, టీ తాగుదాం' అన్నాడు. టీ తాగి వెళ్ళిపోయాడు. మరుసటేడు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ టీ తాగి వెళ్ళిపోయాడు. మూడోసారి నేనే అడిగా, ఏందండీ ఈ తిరుగుడు అని. 'సెలవులకొస్తదిగా మస్తానూ, ఎప్పుడన్నా మనసు మారిద్దేమో' అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ ఆ మాటెత్తలా."

దూది పెట్టి ఆయన వేలు నొక్కి పట్టుకున్నాను. రక్తం ఆగిపోయాక కూడా పట్టుకునే ఉన్నానేమో, "ఇంక చాలమ్మా" అన్నారు.

కిరణ్‌కి ఫోను చేసి చెప్పాను. "నీ ఇష్టం వచ్చినట్టు చేసుకోరా. హ్యాండిలు మార్చు, సీటు మార్చు, రంగు మార్చు. చెవులు మాత్రం ముట్టుకోవద్దు." ఎందుకో కూడా చెప్పాను ఈసారి. వాడు "సరే అత్తా" అన్నాడు. గుంటూరాయనకి ఆ సంగతి నచ్చలేదు, చెవులుంటే అది ఒరిజినల్ కాదని చెప్పి తప్పుకున్నాడు. కిరణ్ కూడా అనుకున్నంత మార్చలేదు. హ్యాండిలు మార్చాడు, టైర్లు మార్చాడు. మడ్‌గార్డు కొయ్యబోయి మానేశాడట. ఇప్పుడది పాత బండీ కాదు, కొత్త బండీ కాదు. రెండు రకాలవాళ్ళకీ పనికిరాదు.

పని పూర్తయ్యాక మళ్ళీ నన్ను ఊరు తీసుకెళ్ళాడు. తమ్ముడి ఇంటి ముందు బండిని స్టాండు వేసి నిలబెట్టి, ఇంజను స్టార్టు చేశాడు. "ఎక్కత్తా" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ సీటు మీద నేను సరిగ్గా కూర్చున్నదే లేదని. తమ్ముడూ వాడూ చెరో రెక్క పట్టుకుని ఎక్కించారు. వంగని కాలు ముందుకి చాచుకుని, హ్యాండిలు పట్టుకుని, నాన్న చోట్లో కూర్చున్నాను. కిరణ్ ఎడమపక్కకి వచ్చి నిలబడి, నా వైపు చూసి ఏదో అన్నాడు. పెదవులు కదిలాయి. ఇంజను చప్పుడులో ఒక్క ముక్క వినబడలేదు. నేను తలూపాను.

తలూపాక గుర్తొచ్చింది, నాన్న కూడా అచ్చం ఇలాగే తలూపేవాడని.

హైస్కూలుకి వెళ్ళిన మూడేళ్ళూ, ఆ నాలుగు మైళ్ళూ, నేను తొట్టిలో కూర్చుని మాట్లాడుతూనే ఉండేదాన్ని. రోజంతా ఎవరికీ చెప్పుకోలేనివన్నీ దాచుకుని నాన్నకి చెప్పేదాన్ని. వరండాలో ఒక్కదాన్నే కూర్చుంటున్నానని చెప్పాను. కల్లంలో ఆ రైతు అన్న మాటకి నాకెంత బాధగా ఉందో చెప్పాను. నన్ను కాలవకట్ట దగ్గరే దించేస్తే కర్రతో మెల్లగా వాళ్ళతో నడుస్తానని, ఆలస్యమైనా ఫరవాలేదని, ఎన్నిసార్లు బతిమాలానో. నాన్న దారి మీంచి చూపు తిప్పకుండా తలూపేవాడు. మర్నాడు మళ్ళీ బండి బడి వరండా దాకా వెళ్ళేది. అన్నీ విని, సరేనని, ఏమీ చెయ్యని మనిషి అనుకున్నాను నాన్నని. అన్నీ విన్నవాడు 'ఎవరన్నా ఏమన్నా అన్నారా' అని అడుగుతాడేమిటని ఆ రోజు కోపం. నలభై ఏళ్ళు ఆ కోపంలో కొంత మిగిలే ఉంది నాలో. నాన్న మంచంలో ఉన్నప్పుడు కూడా పూర్తిగా పోలేదు.

కిరణ్ ఇంజను ఆపాడు.

"ఏమన్నావురా ఇందాక?"

"ఫొటో తియ్యనా అన్నానత్తా. నువ్వు తలూపావుగా, తీసేశా."

తిరుగు దారిలో కారు ఆ నాలుగు మైళ్ళ మీదుగానే వచ్చింది. కల్లాలున్న చోట ఇళ్ళ స్థలాల రాళ్ళు పాతారు. పొగాకు బ్యారన్లు మొండిగోడలయ్యాయి. కాలవకట్ట మీద నడిచే దారిని తుమ్మ కప్పేసింది. బడి వదిలిన వేళ, ఒక్క పిల్లా నడవడం లేదు, పసుపురంగు బస్సులు వరసగా దాటిపోయాయి, ఒక్కో కిటికీలో ఒక్కో ముఖం. కారు అద్దాలు బిగించి ఉన్నాయి. ఇంజను నడుస్తోందో లేదో కూడా తెలియనంత నిశ్శబ్దం, గుసగుసలాడినా వినబడుతుంది.

"ఏం మాట్లాడవేందత్తా?" అన్నాడు కిరణ్.

ప్రతి అక్షరమూ స్పష్టంగా వినబడింది.